రంగు కింద అతుకు

కోయంబత్తూర్
2 డిసెంబర్ 2024

మామా, దండాలు.

ఫోన్ చేస్తే నీకు ఇనబడది. అత్తకు చెప్తే సీరియల్ అయినంక చెప్త అంటది, సీరియల్ అయినంక మరిచిపోతది. అందుకే కాయితం పట్టిన. నలభై ఏండ్లు పసుపు పాలిష్ డ్రమ్ములకు అతుకులేసి, వాటి మోతల నిలవడి నువ్వు చెవులు పోగొట్టుకున్నవ్, నీ కోసమని నేను మళ్ళా చేతిరాత నేర్చుకోవట్టిన.

సంగతేందంటే, మా గ్యారేజ్ ఓనర్ హరీశ్ ఒక డ్రాగ్ రేసు కారు, సీదా దారిల ఉరికే పందెం కారు, కట్టిస్తున్నడు. నడిపేది నేను. నిజంగనే నేను! ఇంజన్ పని ఇక్కడ చేస్తం. చాసిస్, అంటే కారు లోపటి పైపుల పంజరం, నువ్వు కట్టాలె. ఇక్కడ వెల్డర్లు లేక కాదు. బాల్కొండ నుంచి ఏర్గట్ల దాక పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఎవరిది చూసినా మా మామ చేసిందే ఉంటదని చెప్పి హరీశ్‌ను ఒప్పిచ్చిన. పైపులు, డ్రాయింగ్, కొత్త వెల్డింగ్ మిషన్ లారీల వస్తున్నయ్.

పంజరం అయినంక శ్రవణ్‌కుమార్ అని ఇన్‌స్పెక్టర్ సారు చెన్నై నుంచి మీ షాపుకే వచ్చి చూస్తడు. డిసెంబర్ 28కి. ఆయన సర్టిఫికెట్ ఇస్తేనే కారును ట్రాక్ లోపలికి రానిస్తరు. ఫిబ్రవరి 16కు రేసు. అప్పటిదాక సర్టిఫికెట్ రాకపోతే హరీశ్ తన పాత కారు తీస్తడు, దాన్ని రాకేష్ నడుపుతడు. నా సీటు పోయినట్టే. మూడేండ్ల సంది ఆ సీటు కోసం అందరి కార్ల కింద పండుకుంటున్న మామా. జర మంచిగ చేసిపెట్టు.

అమ్మకు నేనే చెప్త, నువ్వు చెప్పకు.

నీ కోడలు
దీక్షిత

*

ఆర్మూర్
9 డిసెంబర్

దీక్షితమ్మా,

నీ కాయితం, నీ పైపులు ఒక్కదినమే దిగినయ్. బజారంత వచ్చి షాపు ముంగట నిలవడ్డది. ఏం కడుతున్నవ్ గంగాకిషనన్నా అని అడుగుతరు. కారు అంటే నవ్వుతరు. నవ్వనీ.

డ్రాయింగ్ గోడకు అంటిచ్చిన. నాలుగు దినాల సంది చూస్తున్న, కొంత సమజ్ అయితుంది, కొంత అయితలేదు. రేసు నాలుగు వందల మీటర్లే, తొమ్మిది సెకండ్లే అని డ్రాయింగ్ మీద అంకెలు ఉన్నయ్, నిజమేనా? మా షాపు కాడి నుంచి మార్కెట్ యార్డు గేటు గంత దూరం ఉంటది. నేను బీడీ తాగుకుంట నడిచిపోత. గింత దానికి కారెందుకు, తొమ్మిది సెకండ్లల పోవుడెందుకు, పోయి అక్కడ ఏం తెచ్చేదుంది?

ఇగ గీ సర్టిఫికెట్. ఇంజన్ లేకపాయె, చక్రాలు లేకపాయె, సీటు లేకపాయె. వట్టి పైపులు చూసి సారు ఏం రాస్తడు? పెండ్లిచూపులకు పిల్లను కాదు, పిల్ల ఎముకలు చూపినట్టుంటది. ఆర్టీవో ఆఫీసుల గూడ గిట్ల అడగరు. నిన్ను ఎవడన్న మోసం చేస్తలేడు గదా బిడ్డా?

పని మాత్రం షురూ చేసిన. కొత్త మిషన్ చెయ్యి తిరుగుతలేదు, మొదలు రెండు దినాలు ఆగమాగం చేసింది. ఇప్పుడు లైన్ల వడ్డది. సీటు ఎనుక పెద్ద కమాను పైపు ఒంచిన. అది నీ తలకాయ ఎనుక వస్తదని మీ అత్తకు చెప్పిన. ఆమె రెండు చేతులతోని పైపుకు దండం పెట్టి పోయింది. పసుపు బొట్టు గూడ పెట్టింది.

మీ మామ

*

కోయంబత్తూర్
15 డిసెంబర్

మామా,

మోసం ఏం లేదు. తొమ్మిది సెకండ్లల పోయే కారు ఎప్పుడన్న బోర్ల పడ్తది. అప్పుడు ఇంజన్ కాదు, చక్రాలు కాదు, గీ పైపులే నన్ను కాపాడేటియి. అందుకే సారు ముందుగాల పైపులనే చూస్తడు. ఒక్కొక్క అతుకు చేతిబత్తి పెట్టి చూస్తడు. ఒక్కటి నచ్చకున్నా సంతకం పెట్టడు. మస్తు కడక్ మనిషి. చూడంగనే ఆయనకు నచ్చేటట్టు ఉండాలె మామా.

అమ్మకు తెలిసిపోయింది. లారీ చూసినోళ్ళే చెప్పిండ్రంట. ఆలూర్ నుంచి ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. బీడీలు చుట్టి నిన్ను ఇంజనీరింగ్ చదివిపిచ్చింది గిందుకేనా అన్నది. నాకు గూడ ఏడుపొచ్చింది గాని, నేను ఎనుకకు తిరగ.

దీక్షిత

*

ఆర్మూర్
29 డిసెంబర్

బిడ్డా,

నిన్న సారు వచ్చిండు, పోయిండు. ఏమైందో నాకు ఇప్పటికీ సమజ్ కాలే. నువ్వన్న చెప్పు.

నువ్వు రాసినట్టే చేసిన. చూడంగనే నచ్చాలె అన్నవ్ గదా. పని ఇరవై మూడుకే అయింది. మిగిలిన నాలుగు దినాలు గ్రైండర్ పట్టుకొని ప్రతి అతుకు నున్నగ గీకిన. పైపు యాడ అయిపోయింది, పైపు యాడ మొదలైంది ఎవడు పట్టలేడు. అక్కడక్కడ పెయింటర్లు పెట్టే లప్పం పెట్టి, రెగ్‌మాల్ కాయితం కొట్టి, మీద మంచి పసుపుపచ్చ రంగు రెండు కోట్లు ఏసిన. మా ఊరి పసుపు మార్కెట్‌కు పోతున్నదంటే ముందుగాల డ్రమ్ముల ఎయ్యాలె, పొట్టు పోవాలె, మెరవాలె. పాలిష్ పట్టని కొమ్మును ఖరీద్‌దారు చేత గూడ పట్టడు. చెన్నై నుంచి వచ్చే సారుకు గరుకు మాల్ ఎట్ల చూపిస్త?

సారు కారు దిగిండు. మొదలు నవ్విండు, నేను ఖుష్ అయిన. వంగి చూసిండు, నవ్వు పోయింది. ఒక బిళ్ళ తీసి డాక్టర్ ఛాతి మీద పెట్టినట్టు పైపుల మీద పెట్టుకుంట పోయిండు. మందం బరాబరే ఉన్నదన్నట్టు నెత్తి ఊపిండు. అయినా సంచి సర్దుకున్నడు. ఏమైంది సార్ అంటే ఏందో చెప్పిండు, నాకు ఇనబడలే. అప్పుడు గ్రైండర్ చూపించి, రెండు చేతులు అడ్డం పెట్టి, కాయితం మీద ఇంగ్లీషుల గీకి నా చేతుల పెట్టిండు. ఇందుల పెట్టి పంపుతున్న, చదివి చెప్పు. చాయ్ తాగిండు గాని బిస్కెట్ ముట్టలే.

ఇంత నున్నటి పని ఆయన జన్మల చూసిండా? ఏం తప్పు చేసిన నేను?

మీ మామ

*

కోయంబత్తూర్
3 జనవరి 2025

మామా,

కాయితం చదివిన. 'అతుకులన్నీ గీకేసిండ్రు, లప్పం పెట్టి రంగేసిండ్రు, లోపల ఏమున్నదో చూసే దారి లేదు, కోసి మళ్ళా ఏసినంకనే చూస్త' అని రాసి ఉన్నది. ఫెయిల్.

అతుకు గీకొద్దు అని డ్రాయింగ్ కింద ఉన్నది. ఇంగ్లీషుల ఉన్నది, నేను తెలుగుల రాయకపోవుడు నా తప్పే. కాని మామా, నలభై ఏండ్ల వెల్డర్‌వు. గీకితే అతుకు పలచగైతదని నీకు తెల్వదా? ఒక్క అతుకు అయితే పొరపాటు అనుకుందును. అన్నీ గీకినవ్!

నిన్న అమ్మ ఫోన్ చేసింది. ఫెయిల్ అయిందంటే దేవుడున్నడు అన్నది. ఇంకోటి గూడ చెప్పింది. డిసెంబర్ల నీ షాపుకు వచ్చి, ఈ కారు పాస్ కాకుండ ఎట్లన్న చెయ్యి అన్నా అని నీ కాళ్ళు పట్టుకున్నదంట. నువ్వు నెత్తి ఊపినవంట. మామా, నువ్వు నెత్తి ఊపినవా? నిజం చెప్పు. ఇద్దరు గలిసి నన్ను ఆపాలనుకుంటే మొఖం మీద చెప్పాలె. గిట్ల మెరిపిచ్చి ముంచుడేంది?

జనవరి 29కి ఇంకోసారి రమ్మని హరీశ్ సారును బతిమిలాడిండు. ఇంక మూడోసారి లేదు. కావాలంటే ఇక్కడి వెల్డర్‌ను పంపుత అంటున్నడు. నీ జవాబు చూసి చెప్త అన్న.

దీక్షిత

*

ఆర్మూర్
7 జనవరి

దీక్షితకు,

నెత్తి ఊపిన. చెవుడోడు నెత్తి ఊపక ఏం చేస్తడు? పసుపు ధర పడిపోయిందన్నా ఊపుత, ఇంట్ల పెండ్లి ఉన్నది రా అన్నా ఊపుత. మీ అమ్మ ఏడ్చుకుంట వచ్చింది, ఏందో చెప్పింది, నాకు ఇనబడలే, చెల్లె ఏడుస్తుంటే మళ్ళా అడగలే. నెత్తి ఊపి, చాయ్ తాపిచ్చి బస్సు ఎక్కిచ్చిన. గంతే. నువ్వు పోతున్నవని భయపడుతున్నది అనుకున్న. ఆ భయం నాకు గూడ ఉన్నది. ఉంటే చెడగొడతనా?

నా చేతి పని మీద ఇప్పటిదాక ఎవడు వేలు పెట్టి చూపలే. మొదటిసారి నా కోడలు చూపిచ్చింది. వెల్డర్‌ను పంపుకోపో. పంజరం షాపుల ఉన్నది, వచ్చి తీస్కపొమ్మను.

గంగాకిషన్

*

ఆర్మూర్
11 జనవరి

బిడ్డా,

మొన్నటి కాయితం కోపంల రాసిన. చించెయ్యి. ఇది చదువు, కూసొని చదువు.

వెల్డర్ వచ్చేలోపు నా పని ఎంత గట్టిదో నేనే చూపిస్త అని రోషమొచ్చింది. హాక్సా తీసి ఒక్కొక్క అతుకు కోసిన. మొదటి పది ఇనుప ముద్దల లెక్క ఉన్నయ్. ఇగో చూడు అని మీ అత్తను పిలిచి చూపిచ్చిన. పదకొండోది నీ తలకాయ ఎనుక కమాను కిందిది.

దాని సంగతి నాకు ముందే తెలుసు. అతుకు ఏసిన దినమే సూది మొనంత బెజ్జం కనబడ్డది. అప్పటికి మిషన్ నాకు సరిగ చేతికి రాలే. మళ్ళా కొట్టాలంటే కమాను ఇప్పాలె, ఒకపూట పని. ఏమైతది తీ అని లప్పం పెట్టి గీకిన. నలభై ఏండ్ల సంది గిట్లనే చేస్తున్న. డ్రమ్ముల మీద బెజ్జం పడితే లప్పం, రంగు. ఎవడు అడగలే, ఏం కాలే. ఇదే పని అనుకున్న.

కోసి చూస్తే లోపల బొటనవేలి గోరు పట్టేంత లొట్ట. ఇనుము ఇనుముకు అంటుకోనే లేదు. మీద మీద పట్టుకున్నది, దాన్ని గూడ నేను గీకేసిన. పైన పటారం, లోన లొటారం. చేతుల పట్టి ఒక్క గుంజు గుంజిన, ఊడొచ్చింది. నా చేతికే ఊడొచ్చింది దీక్షితా.

సారు ఫెయిల్ చెయ్యకపోతే నువ్వు దాని ముంగట తలకాయ పెట్టి కూసుందువు.

నాకు రెండు దినాల సంది బువ్వ సైస్తలేదు. చెప్పకుండ కోసి, మళ్ళా ఏసి ఊకుంటే నీకు తెల్వకపోవు. మీ అత్త గూడ గట్లనే అన్నది. కాని సారు సంతకం పెడితే నువ్వు దాన్ని నమ్మి కూసుంటవ్, అతుకేసింది ఎవరో ఎట్లాంటోడో నీకు తెలిసి ఉండాలె అనిపిచ్చింది. మీ వెల్డర్‌నే పంపు. నేను పైపులు పట్టుకుంట.

మీ మామ

*

కోయంబత్తూర్
16 జనవరి

మామా,

నీ ఉత్తరం వచ్చి రెండు దినాలైంది. హరీశ్‌కు చూపియ్యలే. చూపియ్యాల్నా వద్దా అని గ్యారేజ్ ఎనుక కూసొని ఆలోచన చేసిన. కోపమొచ్చింది, తర్వాత చెమటలు పట్టినయ్, తర్వాత నువ్వు బువ్వ తింటలేవని యాదికొచ్చి ఇంకో రకం కోపమొచ్చింది. ఆఖరికి చూపిచ్చిన. హరీశ్ తెలుగు చదవలేడు గదా, నేనే చదివి చెప్పిన. తన వెల్డర్ తప్పు చేస్తే గిట్ల రాస్తడా అని అడిగిన. కాయితం మడిచి నా చేతుల పెట్టిండు. మీ మామనే ఎయ్యమను అన్నడు.

అందుకే నువ్వే ఎయ్యి. ఎట్లనంటే, ముందుగాల పనికిరాని పైపు ముక్కల మీద ఎయ్యి, కోయి, లోపల చూడు. వరుసగ ఇరవై ముక్కలు గట్టిగ వచ్చినంకనే పంజరం ముట్టు. బెజ్జం వస్తే కోసి మళ్ళా ఎయ్యి. గ్రైండర్ అత్తకిచ్చి బియ్యం డబ్బల దాచిపెట్టుమను. రంగు ఇక్కడ మేమే ఏసుకుంటం, సారు సంతకం అయినంక. అతుకులు ఎంత గలీజుగ కనబడ్డా ముట్టకు. ఈసారి తెలుగుల రాసిన, చదువుకో: గీకొద్దు, నింపొద్దు, పూయొద్దు.

నిన్ను అనరాని మాటలన్న. అమ్మ మాట పట్టుకొని ఊగిన. మనసుల పెట్టుకోకు.

నీ కోడలు
దీక్షిత

*

ఆర్మూర్
30 జనవరి

దీక్షితమ్మా,

పాస్!

ముందుగాల ఆ మాట రాసి తర్వాత కథ చెప్తున్న. ఇరవై కాదు, ముప్పై నాలుగు ముక్కలు కోసిన. షాపంత పైపు తుంటలే. పంజరం అయినంక చూస్తే నాకే సిగ్గైంది, అతుకులన్నీ చేపపొలుసుల లెక్క గరుకు గరుకుగ, మీద మసి. బట్టలు ఎయ్యని పిల్లగాన్ని బజారుల నిలవెట్టినట్టు అనిపిచ్చింది. గుడ్డ తీస్కొని తుడుద్దామని పోయిన, మీ అత్త గుడ్డ గూడ గుంజుకున్నది.

సారు వచ్చి మూడు గంటలు చూసిండు. పైపు కింద పండుకొని చూసిండు. అద్దం పెట్టి ఎనుక చూసిండు. మంచి కమాను పైపుకు చిన్న బెజ్జం కొట్టుమని సైగ చేసిండు! బెజ్జం వస్తే కోసెయ్యమని నువ్వు రాస్తివి, ఈయన తానే కొట్టుమంటడేంది అని పరేషాన్ అయిన. మందం లోపటి నుంచి గూడ కొలిచేటందుకంట, మీ అత్త నా చెవుల అరిచి చెప్పింది. కొలిచిండు. కమాను కింది అతుకు మీద వేలు పెట్టి నా దిక్కు చూసిండు. నేను నెత్తి ఊపలే ఈసారి. సార్, ఇది మొదలు చెడగొట్టిన, కోసి మళ్ళా ఏసిన అని చెప్పిన. ఎందుకు చెప్పిన్నో నాకే తెల్వదు. మీ అత్త నోరు తెరిచింది.

సారు ఇంకో పావుగంట ఆ ఒక్కదాన్నే చూసిండు. తర్వాత బస్సు టికెట్ అంత బిళ్ళ కాయితం తీసి పైపుకు అంటిచ్చిండు. దీనికోసమేనా గింత లొల్లి? మూడేండ్లే చెల్లుతదంట, తర్వాత మళ్ళా చూపియ్యాల్నంట. మనిషికి లెక్క దీనికి గూడ మళ్ళ మళ్ళ పరీక్షలేంది? ఈసారి బిస్కెట్ తిన్నడు. రెండు తిన్నడు.

పంజరం లారీ ఎక్కింది. జాగ్రత్త బిడ్డా.

మీ మామ

*

కోయంబత్తూర్
4 ఫిబ్రవరి

మామా!

నువ్వు సల్లగుండాలె! ఉత్తరం చదివి గ్యారేజ్ల గంతులేసిన. సీటు నాదే. రాకేష్ గూడ వచ్చి అతుకులు చూసి ఈయన ఎవరు అని అడిగిండు.

ఫిబ్రవరి 16కు నువ్వు, అత్త రావాలె. టికెట్లు తీసిన, ఇందుల పెట్టిన. అమ్మ గూడ వస్త అంటున్నది, కండ్లు మూసుకొని కూసుంటదంట. నువ్వు మొదటి వరుసల కూసోవాలె. నీకు ఆ మోత గూడ ఇనబడుతది మామా, గంత పెద్దగ ఉంటది.

దీక్షిత

*

కోయంబత్తూర్
18 ఫిబ్రవరి

మామా,

నువ్వు రాలే.

అత్త వచ్చింది, అమ్మ వచ్చింది, నీ సీటు ఖాళీగ ఉన్నది. పని ఉన్నదని చెప్పి పంపినవంట, ఏం పనో అత్తకు గూడ సరిగ తెల్వదు. బాయిలర్ల ఎంబడి తిరుగుతున్నడు, రంగు గీకుతున్నడు, మనిషి మంచిగ లేడు అని కండ్లనీళ్ళు పెట్టుకున్నది. సీజన్ల పని వదిలి రాలేవా, నా మీద ఇంకా కోపమున్నదా? నాకు ఏం సమజ్ అయితలేదు.

తొమ్మిది పాయింట్ ఏడు సెకండ్లు. నాలుగో స్థానం. ఏం కాలే నాకు, మంచిగున్న. లైట్ పచ్చగైనప్పుడు తలకాయ ఎనుకకు కొట్టుకున్నది, అమ్మ మాత్రం కండ్లు మూసుకోలే, అంతా చూసింది. కిందికి దిగినంక అందరు ఫోటోలు దిగుతుంటే నీ కోసం ఎతికిన.

జవాబు రాయి. నెత్తి ఊపితే నాకు కనబడది.

దీక్షిత

*

ఆర్మూర్
23 ఫిబ్రవరి

బిడ్డా,

కోపం లేదు. కోపమెందుకుంటది? నాలుగో స్థానం అని ఇంటింటికి చెప్పిన. మీ అత్త తెచ్చిన ఫోటో షాపుల పెట్టిన.

రాకపోవుడు తప్పే. ఎందుకు రాలేదో మీ అత్తకు చెప్పలేకపోయిన, నీకు చెప్త. నువ్వొక్కదానివే సమజ్ చేసుకుంటవ్.

నీ పంజరం లారీ ఎక్కినంక షాపుల కూసున్న. చేతులు ఊకుంటలేవు. ఆ లొట్ట అతుకు ముక్క బల్ల మీదనే ఉన్నది, పారెయ్య బుద్ధి కాలే. దాన్ని చూసుకుంట ఉంటే ఒక్క మాట తట్టింది. నీ కారుకు లప్పం పెట్టినోన్ని, పసుపు ఉడకబెట్టే బాయిలర్లకు పెట్టలేదా? పెట్టిన. యాడ పెట్టిన్నో, ఎన్నింటికి పెట్టిన్నో యాదికి లేదు. డ్రమ్ము పగిలితే కొమ్ములు కింద పడ్తయ్, బాయిలర్ పగిలితే ఆవిరి మనుషుల మీద పడ్తది. ఇప్పుడు సీజన్. ఊరూర అవన్నీ పొయ్యి మీద ఉన్నయ్.

బాయిలర్లు చేసుడు షురూ చేసి పద్దెనిమిది ఏండ్లు, అరవై పైననే చేసిన. ఏర్గట్ల రత్నవ్వ కళ్ళం కాడికి ముందుగాల పోయిన. మంట ఆర్పుమని, రంగు గీకుడు షురూ చేస్తే, మంచిగున్న బాయిలర్‌కు ఏం రోగం గంగాకిషనన్నా, నీకేమన్న పిసలేసిందా అని నాకు గూడ ఇనబడేటట్టు తిట్టింది. గీకిన. అతుకు మంచిగనే ఉన్నది. ఆమె పెద్దగ నవ్వింది, కల్లు పోస్త తాగిపో అన్నది. రెండోది, మూడోది గూడ మంచిగున్నయ్. నా పిచ్చి అనుకొని మర్లిపోదామనుకున్న. నాలుగోది బాల్కొండ అవతల స్వామిది. రంగు కింద లప్పం, లప్పం కింద లొట్ట. అదే నీ కమాను లెక్క.

దాని పక్కన ఆరుగురు ఆడోళ్ళు గంపలు పట్టుకొని నిలవడ్డరు. ఒకామె చంకల పిల్లున్నది.

ఆపిచ్చిన. స్వామి కొట్టొచ్చిండు, పచ్చి పసుపు కుప్పలు కుప్పలు పడి ఉన్నది, ఉడకకుంటే మురుగుతది, ఎవడియ్యాలె నష్టం అని గల్ల పట్టిండు. పట్టనీ. అక్కడనే కోసి, అక్కడనే అతుకు ఏసి, రంగు లేకుండ ఇడిచిపెట్టి వచ్చిన. పదహారో తారీఖు నాడు, నువ్వు కారుల కూసున్నప్పుడు, నేను ఆ బాయిలర్ కిందనే పండుకొని ఉన్న. వస్త అనుకున్న బిడ్డా, సంచి గూడ సర్దిన. కాలు కదలలే.

నువ్వు టోపీ పెట్టుకొని, బెల్టులు కట్టుకొని, తొమ్మిది సెకండ్లు నా అతుకు ముంగట కూసుంటవ్. అంత దానికే చెన్నై నుంచి సారు వచ్చి మూడు గంటలు చూసిండు. వీళ్ళు ఒంటి మీద చీర తప్ప ఏం లేకుండ పొద్దుందాక నిలవడుతరు. వీళ్ళ కోసం ఒక్కడు రాలే. వచ్చేదుంటే నేనే రావాలె.

ఇరవై మూడు చూసిన. మూడు ఆపిచ్చిన. ఊర్లల్ల నన్ను చూస్తే కొందరు గేటు పెట్టుకుంటున్నరు. నా పేరు పోయింది, పోనీ. ఇంకా నలభై దాక మిగిలినయ్. చేతిబత్తి సరిపోతలేదు, సారు దగ్గర ఉన్నట్టి చిన్న అద్దం యాడ దొరుకుతదో కనుక్కొని ఒకటి పంపు.

ఇయ్యాల మీ ఆలూర్ దిక్కు పోతున్న. మీ అమ్మను నీ రేసు ముచ్చట అడుగుత.

మీ మామ
గంగాకిషన్